సోమవారం నీలం

డెంజిల్ రబ్బరు అంచున్న పలకను రెండు చేతులా పట్టుకుని, చట్రానికి బిగించిన పల్చటి గుడ్డ తెర మీది నీలం రంగును ఒక్క ఊపున తన వైపు లాక్కున్నాడు. తెర ఎత్తాడు. కింద కాగితం మీద నల్లటి ముక్క, పసుపు పట్టీ, ఇటుక రంగు చార వేసవిలోనే అచ్చయి ఉన్నాయి. ఇప్పుడు వాటి మీదుగా ఓ పక్కకి ఒరిగిన అర్ధచంద్రంలా నీలం పడింది. అదే ఆఖరి రంగు. డెంజిల్ కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని తెచ్చి, కిటికీ కింద కూర్చున్న పెరాన్ ముందు బల్ల మీద పరిచాడు.

“చూడు బాబాయ్. వేసవిలో నువ్వు చెప్పిన నీలం ఇదేననుకుంటున్నా.”

చుట్టరికం ఏమీ లేదు. న్యూలిన్ రేవులో వయసు మళ్లిన వాళ్లంతా అందరికీ బాబాయిలూ పిన్నులే. అందులోనూ డెంజిల్ పదిహేనేళ్లుగా పెరాన్ బొమ్మలన్నీ అచ్చు వేస్తున్నవాడు. ఈ అటక మీద ఒకప్పుడు వలలు ఆరబెట్టేవారు. ఇప్పుడు తాళ్ల మీద కాగితాలు ఆరుతున్నాయి. చేపల వాసన మాత్రం పోలేదు, దానికి టర్పెంటైను వాసన తోడైంది.

పెరాన్ చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చెయ్యెత్తి, వేళ్లు చాపి, అరచేతిని కాగితం మీద పెట్టాడు. సగం చెయ్యి నీలం మీద పడింది.

“తడి, తడి” అన్నాడు డెంజిల్.

కుర్చీలో ముందుకి ఒరిగిపోతున్నాడేమోనని థర్జా గబుక్కున మొగుడి భుజం పట్టుకుని వెనక్కి లాగింది. పెరాన్ ఆమె వైపు చూసి, “ఇంకోటి” అన్నాడు.

ఆగస్టులో వచ్చిన పక్షవాతం ఆయన కుడి చేతినీ, కుడి కాలునీ, ఉన్న మాటలన్నిటినీ ఊడ్చుకుపోయి, ఆ ఒక్క మాటను మాత్రం దయతలిచి వదిలేసింది. ఎవరు ఏమడిగినా అదే. కొందరికి ఏదో ఒక మాట నాలుకకి అలా అతుక్కుపోతుందనీ, దానికి అర్థం వెతకొద్దనీ డాక్టరు చెప్పాడు. ఏడుపూ నవ్వూ కూడా కారణం లేకుండానే వస్తుంటాయి, కంగారుపడొద్దన్నాడు. థర్జా ఆయన చెప్పిందంతా విని తలూపింది. ఏడుపు సంగతి నమ్మింది. మాట సంగతి మాత్రం నమ్మలేదు.

ఎందుకు నమ్ముతుంది? ఆ మాట ఎక్కడిదో ఆమెకి తెలుసు. ఈ అటక మీదిదే. నమూనాగా తీసిన ప్రూఫు నచ్చకపోతే పెరాన్ ఎన్నడూ బాగోలేదనేవాడు కాదు, చేతులు వెనక్కి కట్టుకుని “ఇంకోటి” అనేవాడు. డెంజిల్ మారు మాట్లాడకుండా ఆ కాగితాన్ని నిలువునా చింపేసి, రంగు సరిచేసి ఇంకోటి తీసేవాడు. నచ్చిన రోజున ఏమీ అనేవాడే కాదు. పెన్సిలు అడిగి అంచున ‘ఇది సరే’ అని రాసి సంతకం పెట్టేవాడు. దాన్ని గోడకి తగిలించాకే అసలు పని మొదలయ్యేది. అన్ని మాటలూ పోయి, పనికి సంబంధించిన మాట ఒకటి మిగిలిందంటే, లోపల పనివాడు మిగిలి ఉన్నట్టే కదా. ఆ మాటకి అర్థం ఉన్నన్నాళ్లూ తన మొగుడు తనకి ఉన్నట్టే. థర్జా ఆ నమ్మకాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది.

“నచ్చలేదట డెంజిల్. ఇంకోటి తియ్యి” అంది.

డెంజిల్ కాస్త మొహం చిన్నబుచ్చుకున్నాడు. అతనికి ఆ నీలం బాగానే ఉందనిపించింది. అయినా అలవాటు ప్రకారం కాగితాన్ని పెరాన్ ఎదురుగానే నిలువునా చింపాడు. తిరస్కరించిన ప్రూఫు ఒక్కటి కూడా బయటికి పోకూడదని ఆ అటక మీద కట్టుబాటు. ముక్కలు పొయ్యి పక్కనున్న బుట్టలో పడేశాడు. పెరాన్ కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. థర్జా చేతిరుమాలుతో తుడిచి, టర్పెంటైనులో గుడ్డ ముంచి ఆయన అరచేతికంటిన నీలాన్ని కూడా రుద్ది రుద్ది వదిలించింది.

“నచ్చనిది చూస్తే ఇంత బాధ” అంది గొప్పగా, డెంజిల్‌కి వినపడేలా.

మంగళవారం డెంజిల్ అదే డబ్బాలో తెలుపు కలిపాడు. పెరాన్ ఇంకోటి అన్నాడు. నలుపు చుక్క వేశాడు. ఇంకోటి. థర్జా పక్కనే నిలబడి, ఆయన కనుబొమలు చూసి ఇప్పుడు మరీ పాలిపోయిందంటున్నాడనీ, ఇప్పుడు మరీ మబ్బుగా ఉందంటున్నాడనీ చెబుతూ వచ్చింది. మొదట్లో బెరుగ్గా చెప్పేది, మధ్యాహ్నానికల్లా కోర్టులో దుబాసీలా తడుముకోకుండా చెప్పేస్తోంది. నలభై నాలుగేళ్ల కాపురంలో పెరాన్ ఎన్నడూ తన రంగుల గురించి ఆమెని సలహా అడిగింది లేదు. ఇప్పుడు ఆ గదిలో ఆయన తరఫున మాట్లాడేది ఆమే. అందులో ఆమెకి కాస్త సుఖం కూడా ఉందంటే తప్పు పట్టకండి. చింపిన ప్రతిసారీ పెరాన్ ఏడ్చాడు. ఆమె తుడిచింది. నవంబరు తేమకి వేళ్లు కొంకర్లు పోతుంటే డెంజిల్ బుట్టలోంచి చేతికందిన ముక్కలు తీసి ఇనప పొయ్యిలో వేసి రాజేశాడు.

బుధవారం సాయంత్రం లండన్ రైలు దిగి ఆల్డస్ వచ్చాడు. ఇరవై ఏళ్లుగా పెరాన్ బొమ్మలు అమ్మిపెడుతున్న మనిషి. మంచివాడే, కాకపోతే కాళ్ల కింద నిప్పులు పోసుకున్నట్టుంటాడు. పై వారంలో అతని గ్యాలరీలో పెరాన్ ప్రదర్శన, గోడ మధ్యలో ఈ కొత్త బొమ్మకి చోటు కూడా వదిలాడు. మూడు రంగులతో ఆగిపోయి అరల్లో పేరుకున్న కాగితాలు చూశాడు, పెరాన్‌ని చూశాడు, బల్ల మీద ఇంకా చింపకుండా ఉన్న ఆ పూట ప్రూఫు చూశాడు. అద్భుతంగా ఉందన్నాడు. ఇంకా దేనికోసం ఆగారని అడిగాడు.

ఆయన ఒప్పుకోలేదని థర్జా చెప్పింది.

గురువారం పొద్దున మళ్లీ ఓ నీలం, మళ్లీ ఇంకోటి, మళ్లీ చింపడం. ఆల్డస్ గోడకి ఆనుకుని ఇదంతా చూశాడు. చివరికి కుర్చీ లాక్కుని పెరాన్‌కి ఎదురుగా మోకాళ్లు తగిలేలా కూర్చున్నాడు. చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, ఒక్కో మాటా విడగొట్టి గట్టిగా అడగడం మొదలుపెట్టాడు. మీ పేరు పెరాన్ కదా? ఇంకోటి. మీ పేరు ఆల్డస్ కదా? ఇంకోటి. ఇది లండన్ కదా? ఇంకోటి. థర్జాకి ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు ఇదే ఆల్డస్ ఈ గదిలోకి అడుగుపెట్టే ముందు బూట్ల బురద గీక్కుని, టై సవరించుకుని, పెరాన్ పలకరించేదాకా గుమ్మంలోనే నిలబడేవాడు. ఇవాళ ఆయన్ని బడిపిల్లాణ్ణి చేసి ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు ప్రశ్నలు వేస్తున్నాడు. పెరాన్ మాత్రం మర్యాదగా, ఒక్కోదానికీ ఆలోచించి మరీ, ఆ ఒక్క మాటే జవాబు చెబుతున్నాడు.

ఆల్డస్ లేచి గోడ మీద అద్దం కట్టి ఉన్న పాత బొమ్మను దించి తెచ్చాడు. పదేళ్ల కిందట ‘ఇది సరే’ అని పెరాన్ చేత్తో రాసి సంతకం పెట్టిన కాగితం అది. దాన్ని ఆయన ఒళ్లో నిలబెట్టాడు.

“ఇది బాగుందా?”

పెరాన్ మొహం విప్పారింది. బొమ్మ కేసి ఆనందంగా చూస్తూ, “ఇంకోటి” అన్నాడు.

డెంజిల్ నీళ్లు నమిలాడు. ఇలాంటిదే ఇంకోటి వెయ్యమంటున్నాడేమో పిన్నీ అన్నాడు. మంచి మనసుతో అన్న అబద్ధం అది, థర్జాకి తెలిసింది.

ఆల్డస్ గెలిచినట్టు ప్రవర్తించలేదు, అందుకు మెచ్చుకోవాలి. కళ్లజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

“థర్జా గారూ, ఆయన ఎక్కడికో వెళ్లిపోయారు. మనమే ఒప్పుకోవట్లేదు. ఆయన సంతకం మీకొచ్చు కదా, ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఉత్తరాలన్నిటికీ మీరే పెట్టారు, నేనే పోల్చుకోలేకపోయాను. ఈ నీలంతో అచ్చు వేయిద్దాం. కింద మీరు రాసేయండి. ఎవరికీ నష్టం లేదు.”

రేపు చెబుతానంది థర్జా. పెరాన్ కోటుకి బొత్తాలు పెట్టి, ఆయన్ని మెట్ల వైపు నడిపించింది.

ఆ సాయంత్రం మౌజల్ ఊళ్లో కొండ మీది తమ ఇంట్లో వంట చేస్తూ ఆమె ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చిన దగ్గర్నుంచి ప్రతిదీ అడిగేది. ఉప్పు చాలిందా, దుప్పటి కప్పనా, రేడియో పెట్టనా? ఇంకోటి అంటే ఇంకో బంగాళాదుంప వేసేది, ఇంకో దుప్పటి కప్పేది. మూడు నెలల్లో పెరాన్‌కి బొజ్జ వచ్చింది కూడా. ఇవాళ మాత్రం వేయించిన మాకెరెల్ చేపని ముళ్లు తీసి, ముక్కలు చేసి, ఊరికే ఆయన ముందు పెట్టింది. అడగడానికి అక్కడ మనిషి ఉంటే కదా. తన పళ్లెం తెచ్చుకుని కూర్చుంది.

పెరాన్ ఎడమ చెయ్యి తన పళ్లెం దగ్గరికి వచ్చింది. చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక భాగంతో పళ్లేన్ని నెమ్మదిగా ఆమె వైపు తోశాడు.

ఆకలి లేదేమో అనుకుని ఆమె పళ్లెం తీసేసి, ఉడికించిన ఆపిల్ గిన్నె పెట్టింది. ఆయన అరచెయ్యి చాపి గిన్నె అంచు మీద ఆనించాడు. అలా ఉంచి ఆమె వైపు చూశాడు.

థర్జా చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె లేచి ఆవాల డబ్బా తెచ్చి పెట్టింది. ఆవాల ముద్ద ఆయనకి పెళ్లినాటి నుంచీ పడదు. వేళ్ల వెనక భాగంతో తోసేశాడు. పొగాకు పైపు తెచ్చింది, డాక్టరు మాన్పించినది. అరచెయ్యి పరిచాడు. ఆమె ఇల్లంతా తిరిగి చేతికందినవన్నీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒంటికి గుచ్చుకునే ఊలు స్వెట్టరు, తోసేశాడు. పాత టోపీ, అరచెయ్యి. చర్చివాళ్లు పంపిన శుభాకాంక్షల కార్డు తోసేశాడు, అదీ కాస్త విసురుగా. ప్రతిదానికీ నోరు మాత్రం ఇంకోటి, ఇంకోటి అంటూనే ఉంది. ఆ మాటకీ ఆయనకీ సంబంధమే లేదు. డాక్టరు చెప్పింది నిజం, ఆల్డస్ చెప్పింది నిజం. కానీ మనిషి ఉన్నాడు. పూర్తిగా ఉన్నాడు. ఇష్టాయిష్టాలతో, పెడసరితనంతో సహా ఉన్నాడు.

ఆమె నవ్వింది. టోపీని ఆయన నెత్తిన పెట్టింది. అంత ఆనందం ఎన్నాళ్లయిందో. ఆ ఆనందంలోనే సోమవారం గుర్తొచ్చింది. తడి నీలం మీద చాపి పెట్టిన అరచెయ్యి. తను భుజం పట్టి వెనక్కి లాగడం. నచ్చలేదట, చింపమని చెప్పడం. మంగళవారం నుంచి ఇవాళ పొద్దుటిదాకా ఆయన ఏ కాగితం మీదా చెయ్యి పెట్టలేదు. కళ్లెదుటే తన బొమ్మని నిలువునా చింపుతుంటే, నోరు మోసం చేస్తుంటే, ఏడవడం తప్ప ఆయన ఏం చెయ్యగలడు? ఆ ఏడుపుని తను తుడిచింది. ఆ చేతికంటిన నీలాన్ని రుద్ది వదిలించింది. థర్జా నవ్వు ఆగిపోయింది. బల్ల మీద పోగుపడ్డవన్నీ ఒక్కొక్కటిగా తీసి ఎక్కడివక్కడ పెట్టింది.

శుక్రవారం మొదటి బస్సుకే న్యూలిన్‌లో దిగారు. మెట్ల మీద ఆయన్ని ఒక్కో మెట్టే ఎక్కించి అటక మీదికి తెచ్చింది. డెంజిల్ అప్పుడే పొయ్యి రాజేస్తున్నాడు.

“సోమవారం కాగితం ఏది?” అంది, శుభోదయం కూడా చెప్పకుండా.

డెంజిల్ చేతిలో నలిపిన కాగితాల వైపు చూసుకున్నాడు. పొయ్యి వైపు చూశాడు. అప్పుడామె జరిగిందంతా చెప్పింది. అతను సగంలోనే పొయ్యి తలుపు మూసేసి, బుట్ట నేల మీద కుమ్మరించాడు. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. చినిగిన నీలాలు బోలెడన్ని ఉన్నాయి. పాలిపోయినవి, మబ్బుపట్టినవి. అట్టడుగున ఒక సగం దొరికింది. దాని మీద ఒరిగిన నీలం, అందులో వేళ్లు చెరిపిన చార. రెండో సగం లేదు. ఏ చలి పూటో పొయ్యిలోకి పోయింది.

ఆ సగాన్ని బల్ల మీద పెట్టగానే పెరాన్ అరచెయ్యి దాని మీద వాలింది. “ఇంకోటి” అన్నాడు. ఈసారి ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

డెంజిల్ బల్ల అంచున కూలబడ్డాడు. “నా చేతుల్తో నేనే చింపాను పిన్నీ.”

“నేను చింపమన్నాను, నువ్వు చింపావు” అంది థర్జా. “ఆ రంగు మళ్లీ కలపగలవా?”

అతను లేచి డబ్బా మూత తీశాడు. సోమవారం నాటి డబ్బా అదే, కానీ దాంట్లో అప్పటి నుంచీ తెలుపూ నలుపూ పడుతూనే ఉన్నాయి. పైగా సోమవారం డబ్బా అడుగున ఏదో పాత పని తాలూకు పచ్చ అంటుకుని ఉండిపోయిందనీ, కడగడానికి బద్ధకించి దాని మీదే నీలం పోశాననీ తల వంచుకుని చెప్పాడు. ఏ పచ్చో ఇప్పుడు తెలియదు. అయినా కొత్త డబ్బా తీసి కలపడం మొదలుపెట్టాడు. కత్తి మొనతో కాస్త రంగు తీసి తెల్లకాగితం మీద పూసి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, సగం కాగితం పక్కన పెట్టి చూసేవాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ కలిపేవాడు.

ఆల్డస్ వచ్చేసరికి మొదటి కాగితం బల్ల మీదికి వచ్చింది. పెరాన్ దాన్ని చూశాడు. చెయ్యి తిరగేసి వేళ్ల వెనక భాగంతో తోశాడు. డెంజిల్ చింపలేదు, తాడు మీద ఆరేశాడు. రెండోది తోశాడు. ఆల్డస్‌కి థర్జా సంగతి చెప్పింది. అతను తెల్లబోయి కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఆ తర్వాత ఒక్క తొందర మాట మాట్లాడలేదు. నిన్న మోకాళ్లు తగిలేలా కూర్చున్న కుర్చీలోనే, ఇవాళ కాస్త దూరంగా జరిగి కూర్చున్నాడు. భోజనం వేళకి మాంసం, దుంపలు కూరిన పేస్టీలు తెచ్చి అందరికీ పంచాడు. పెరాన్ తన పేస్టీ మీద అరచెయ్యి పరిచాడు. ముగ్గురూ నవ్వబోయి మానేశారు.

చీకటి పడే ముందు తీసిన కాగితం చూసి డెంజిల్‌కి ఆశ పుట్టింది. సగం కాగితం పక్కన పెట్టాడు. థర్జా వంగి చూసింది. ఆల్డస్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

“ఇది దాదాపు అదే” అన్నాడు. “పక్కపక్కన పెడితే తప్ప ఎవరికీ తెలీదు.”

పెరాన్ ముందు పెట్టారు. ఆయన ఎప్పటికంటే ఎక్కువసేపు చూశాడు. చెయ్యి లేచింది. చెయ్యి కాగితం మీద ఆగి, మెల్లగా వెల్లకిలా తిరిగి, దాన్ని బల్ల అంచుదాకా తోసింది. ఆ తర్వాత సగం కాగితాన్ని దగ్గరికి లాక్కుని దాని మీద వాలింది.

“ఆయనకి తెలుస్తోంది” అంది థర్జా.

ఆల్డస్ తలూపాడు. కోటు తొడుక్కుంటూ, గ్యాలరీ గోడ మధ్యలో ఆ చోటు ఖాళీగానే ఉంచుతానన్నాడు. సంతకం మాట ఎత్తలేదు. మెట్లు దిగబోయి వెనక్కి వచ్చి, పెరాన్ కుర్చీ ముందు వంగి, నిన్నటికి క్షమించమని అడిగాడు. పెరాన్ టోపీ కింద నుంచి అతన్ని చూసి, ఆ పాత మాటే అన్నాడు.

డబ్బా అడుగున ఉన్నది ఏ పచ్చో తెలియకుండా ఆ నీలం మళ్లీ రాదు. ఇంక అచ్చు వెయ్యని తెరని అలా వదిలెయ్యకూడదు. డెంజిల్ దాన్ని తొట్టిలో నిలబెట్టి నీళ్లు వదిలాడు. ఒరిగిన అర్ధచంద్రం మెత్తబడి, జారి, తూములోకి పోయింది. ఖాళీ గుడ్డలోంచి అవతలి గోడ కనిపించింది. అరల్లోని కాగితాల్ని ఏం చెయ్యమంటావని అడిగితే, నీలం లేకుండానే ఉండనియ్యి, చింపకు అంది థర్జా. ఈ వారం చింపింది చాలు.

బస్సులో పెద్దగా జనం లేరు. పెరాన్ కిటికీ పక్కన కూర్చున్నాడు. సగం కాగితం ఒళ్లో పరిచి ఉంది, దాని మీద ఎడమ అరచెయ్యి. కిందుగా రేవు దీపాలు వెనక్కి పోతున్నాయి. కొండ మలుపు తిరిగాక థర్జా ఆయన చెవి దగ్గరికి వంగింది.

“నీ మాట నాకు తెలుసనుకున్నాను పెరాన్. నీ చెయ్యి చూడలేదు. నా వల్లే పోయింది. నన్ను క్షమించగలవా?”

నోరు ఏమంటుందో ఆమెకి అక్కర్లేదు. చేతి కేసి చూసింది. అది కాగితం మీదే ఉంది. ఆమె వైపు రాలేదు, ఆమెని తోసెయ్యనూ లేదు. ఆయన కిటికీలోంచి చీకటిని చూస్తున్నాడు. విన్నాడో, విని ఆలోచిస్తున్నాడో, ఈ పూటకి ఏదీ ఇవ్వదలచుకోలేదో. తొందర పెట్టే హక్కు తనకి లేదనుకుంది. గ్లవ్ తీసేసి, తన చేతిని సీటు మీద, ఆయన చేతికి అందేంత దూరంలో పెట్టి, మౌజల్ వచ్చేదాకా అలాగే కూర్చుంది.